వీధి చెట్టుకు జబ్బు చేస్తే: వేరు నుంచి చిగురు దాకా చూసి చికిత్స చేసే పద్ధతి

ఇంటి ముందో, వీధి మలుపులోనో, పార్కులోనో ఉన్న చెట్టు ఆకులు పసుపుబారగానే చాలామంది అడిగే మొదటి మాట "ఏ మందు కొట్టాలి?" అని. వీధి చెట్ల విషయంలో అది చివర రావలసిన ప్రశ్న. మనుషుల మధ్య పెరిగే చెట్టును కుంగదీసేది చాలాసార్లు దాని మొదట్లో మనం చేసిన పనే. మానుకు ఆనించి పోసిన కాంక్రీటు, పైపు కోసం కందకం తవ్వుతూ తెంపిన వేళ్లు, ఎప్పుడో చుట్టి మరిచిపోయిన ఇనుప తీగ. పురుగులు, తెగుళ్లు తరచుగా అప్పటికే నీరసించిన చెట్టు మీదే పైచేయి సాధిస్తాయి. ఆకుకు మందు కొట్టి మొదలును అలాగే వదిలేస్తే డబ్బు, శ్రమ వృథా అవుతాయి, చెట్టూ దక్కదు.

అందుకే ఈ పరిశీలన కింద నుంచి పైకి సాగుతుంది. ముందు నేల, వేళ్లు, తర్వాత మాను, ఆపైన కొమ్మలు, చివరికి ఆకులు. చికిత్స కూడా అదే వరసలో.

ముందుగా తేల్చుకోవలసింది: అది జబ్బేనా?

చెట్టు పేరు తెలియకుండా దాని జబ్బు తెలియదు. వేప, రావి ఏటా ఆకు రాల్చి కొద్ది వారాల్లోనే చిగురిస్తాయి. నాటు బాదం ఆకులు రాలేముందు ఎర్రబడతాయి. మామిడి లేత చిగురు రాగిరంగులో, వాడిపోయినట్టు వేలాడుతూ వస్తుంది. ఆకు ముదిరాక అదే నిలబడి పచ్చబడుతుంది. ఇవేవీ జబ్బులు కావు. మాను మీద బూడిద, ఆకుపచ్చ రంగుల్లో అతుక్కుని ఉండే లైకెన్లు కూడా చెట్టుకు హాని చేయవు. వాటిని గీకే ప్రయత్నంలో బెరడు గాయపడితే అదే అసలు నష్టం.

జబ్బేనని అనిపిస్తే, చెట్టుకు పది అడుగుల దూరంలో నిలబడి నాలుగు సంగతులు గమనించండి.

చెట్టంతా ఒకేలా ఉందా, ఒక పక్కే ఎండుతోందా? ఒక పక్కే ఎండుతుంటే ఆ వైపు వేళ్లకో, ఆ కొమ్మకో ఏదో జరిగింది. 

ముదురాకులు పాడవుతున్నాయా, లేతాకులా? దీనిమీద పోషకాల లెక్క ఆధారపడి ఉంటుంది. 

చుట్టుపక్కల వేరే జాతుల చెట్లూ, గడ్డీ కూడా ఒకే రోజుల్లో మాడాయా? అలాగైతే కారణం తెగులు కాదు. కలుపు మందు తుంపర్లు, వడగాలి, నేలలోకి ఇంకిన రసాయనం లాంటి వాటిని అనుమానించాలి. తెగుళ్లు, పురుగులు సాధారణంగా ఒక జాతిని ఎంచుకుంటాయి, ఒకచోట మొదలై మెల్లగా పాకుతాయి. 

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: గత రెండు మూడేళ్లలో ఆ చెట్టు దగ్గర ఏం జరిగింది? రోడ్డు ఎత్తు పెంచారా? ప్రహరీ కట్టారా? కాలువ తవ్వారా? పెద్ద చెట్టు తనలో దాచుకున్న నిల్వలతో చాలాకాలం నెట్టుకొస్తుంది. వేళ్లు తెగిన ఏడాదే ఎండిపోదు. రెండేళ్లకో, నాలుగేళ్లకో కొనలు ఎండటం మొదలుపెడుతుంది. అప్పటికి కాలువ తవ్విన సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. ఇరుగుపొరుగువారిని అడిగి తెలుసుకోవడం కూడా రోగ నిర్ధారణలో భాగమే.

చెట్టు ప్రాణంతో ఉందో లేదో అనుమానంగా ఉంటే గోటితోనో చిన్న కత్తితోనో రెమ్మ బెరడును కొద్దిగా గీరండి. కింద తడిగా, పచ్చగా ఉంటే ఆ రెమ్మ బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే కొన నుంచి మొదలు వైపు జరుగుతూ మళ్లీ గీరండి. పచ్చదనం ఎక్కడ మొదలైతే అక్కడి దాకా చెట్టు బతికి ఉన్నట్టు. ఆకులు లేవన్న ఒక్క కారణంతో నరికించబోయే ముందు ఈ చిన్న పరీక్ష తప్పనిసరి.

మొదటి దశ: నేల, వేళ్లు

చెట్టు పైన ఎంత ఉందో నేలలోకి అంత లోతుగా వేరు దిగి ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి నీటిని, పోషకాలను పీల్చే సన్నని వేళ్లలో అత్యధిక భాగం పై 30 నుంచి 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటుంది. అడ్డంగా మాత్రం కొమ్మల నీడ దాటి, అనువైన నేలలో ఆ నీడకు రెండు మూడు రెట్ల దూరం దాకా పాకుతాయి. అంటే మనం నడిచే బాట, బండ్లు నిలిపే జాగా, టైల్స్ పరిచిన ముంగిలి, అన్నీ చెట్టు వేళ్ల మీదే ఉన్నాయి.

మాను నేలను కలిసే చోటును చూడండి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు అక్కడ పావడా అంచులా విచ్చుకుని వేళ్లుగా మారుతుంది. స్తంభం పాతినట్టు మాను నిట్టనిలువుగా నేలలోకి దిగిపోతే మొదలు మట్టిలో కూరుకుపోయిందని అర్థం. నాటేటప్పుడే లోతుగా పెట్టి ఉండవచ్చు, తర్వాత ఎవరో మట్టి పోసి ఉండవచ్చు. మాను బెరడు గాలికి ఉండవలసినది. నిరంతరం తడి మట్టిలో ఉంటే కుళ్లుతుంది, శిలీంధ్రాలకు దారి దొరుకుతుంది. పలుగు, పార పక్కన పెట్టి చేతితో, చిన్న తాపీతో ఆ మట్టిని మెల్లగా తొలగించండి. మొదటి పెద్ద వేళ్లు విడిపోయే చోటు కనిపించేదాకా తీస్తే చాలు.

అలా తీసినప్పుడు మానును చుట్టుకుని పెరిగిన వేరు కనిపించవచ్చు. కుండీలోనో సంచిలోనో ఎక్కువకాలం ఉంచి నాటిన మొక్కల్లో ఇది సాధారణం. మాను లావయ్యేకొద్దీ ఆ వేరు ఉరితాడు అవుతుంది. చేతివేలి లావు లోపలిదైతే పదునైన రంపంతో కోసి తీసేయండి. మానులోకి నొక్కుకుపోయిన లావు వేరైతే లాగకండి. రెండు చివరలా కోసి మధ్య ముక్కను అలాగే వదిలేయడం మంచిది.

తర్వాత కాంక్రీటు. మానుకు ఆనించి సిమెంటు పోస్తే నీరు ఇంకదు, గాలి ఆడదు, వేళ్లకు ఊపిరి అందదు. మాను చుట్టూ కనీసం ఒక మీటరు మేర పగలగొట్టించండి. బ్రేకర్ యంత్రం మాను దగ్గరకు రానివ్వకండి. చివరి అడుగు ఉలి, సుత్తితోనే కొట్టాలి. బయటపడిన నేలలోని సిమెంటు ముక్కలు, ఇటుక పొడి, సున్నం ఏరేసి మంచి మట్టి, చివికిన ఎరువు పల్చగా పరచండి. ఒక చెట్టుకు చేయగలిగిన మేలు ఏదైనా ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

తొక్కిడికి గట్టిపడిన నేలను గుర్తించడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. వాన పడిన మర్నాడు కూడా అది చేతి బలంతో 10 సెంటీమీటర్లు దిగకపోతే నేల బిగిసిపోయింది. కొమ్మల అంచు నీడ కింద, రెండు మూడు అడుగులకు ఒకటి చొప్పున, 5 సెంటీమీటర్ల వెడల్పు, 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతు గుంతలు చేసి కంపోస్టుతో నింపండి. లావు వేరు తగిలితే పక్కకు జరగండి.

నీటి విషయంలో ఒక చిక్కు ఉంది. నీరు తక్కువైనా ఆకులు వాడతాయి, ఎక్కువై వేళ్లు ఊపిరాడక చచ్చినా ఆకులు వాడతాయి. రెంటికీ తేడా పైన తెలియదు, మట్టిలో తెలుస్తుంది. జానెడు లోతు తవ్వి పిడికెడు మట్టి తీయండి. పొడిగా రాలిపోతే నీరు చాలడం లేదు. ఉండ కట్టి, మురుగు వాసన వేస్తే, అక్కడి సన్నని వేళ్లు నల్లబడి వాటి పొర చేతికి ఊడివస్తే నీరు నిలుస్తోంది. మొదటిదానికి రోజూ చెంబెడు పోయడం పరిష్కారం కాదు. వారానికి ఒకటి రెండుసార్లు, మాను మొదట్లో కాకుండా కొమ్మల అంచు కింద, అడుగు లోతు తడిసేలా నెమ్మదిగా పారించాలి. రెండోదానికి నీరు ఆపి, నిలిచిన నీరు బయటికి పోయే దారి చేయాలి.

రాలిన ఆకులను తగలబెట్టకుండా అదే చెట్టు కింద 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిచితే తేమ నిలుస్తుంది, వేసవి ఎండకు నేల కాగదు. తెగులు సోకిన ఆకులైతే మాత్రం ఏరి దూరంగా వేయాలి. పరిచిన ఆకు మానును తాకకుండా జానెడు ఖాళీ వదలండి.

కందకం తవ్వడం తప్పనప్పుడు, మాను వ్యాసానికి కనీసం మూడు రెట్ల దూరం లోపల లావు వేళ్లను కోయనివ్వకండి. అంతకంటే దగ్గరగా కోస్తే చెట్టు నిలకడే దెబ్బతింటుంది. ఇంకా దూరంగా తవ్వగలిగితే ఇంకా మేలు. యంత్రం చీల్చిన వేరు కొనలను పదునైన రంపంతో నున్నగా కోసి, ఆ రోజే మట్టి కప్పి తడపాలి.

రెండవ దశ: మాను, బెరడు

ముందు చుట్టూ తిరిగి ఏమేం కట్టి ఉన్నాయో చూడండి: కేబుల్ తీగలు, బ్యానర్ తాళ్లు, అలంకరణ దీపాల వైర్లు, నాటినప్పటి ట్రీగార్డు. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. తీగ ఆ పొరను నొక్కేస్తే దాని పైభాగం ఉబ్బుతుంది, కింద వేళ్లు ఆకలితో చస్తాయి. తీగకు పైన వలయంలా ఉబ్బు కనిపిస్తే వెంటనే కత్తిరించండి. బెరడులోకి పూర్తిగా కూరుకుపోయిన తీగను పెకలించబోతే గాయం పెద్దదవుతుంది; బయటికి కనిపించినంతవరకు తుంచి, మిగిలినదాన్ని వదిలేయండి. ట్రీగార్డును ఏటా ఒకసారి చూడాలి. మాను దానికి తగలకముందే తీసేయాలి.

గాయాలు. చెట్టు మన చర్మంలా గాయాన్ని మాన్పుకోలేదు. దెబ్బతిన్న చెక్క చుట్టూ లోపల గోడలు కట్టుకుని, కుళ్లు వ్యాపించకుండా మూసేస్తుంది, పైన కొత్త చెక్క పెంచుతుంది. అమెరికా అటవీ విభాగ శాస్త్రవేత్త ఆలెక్స్ షైగో ఎన్నో చెట్లను నిలువునా కోసి పరిశీలించి, 1977లో కోడిట్ అనే నమూనాగా వివరించినది దీన్నే. గాయాలకు తారు, పెయింటు పూస్తే కుళ్లు ఆగదని కూడా ఆయన పరిశోధనలు చూపాయి. కాబట్టి బండి గుద్దినప్పుడు లేచిన బెరడుకు చేయవలసింది ఇంతే: అతుక్కుని లేని అంచులను పదునైన కత్తితో పచ్చి బెరడు దాకా నున్నగా కత్తిరించి గాలికి వదిలేయడం. బెరడు అప్పుడే లేచి, లోపల ఇంకా తడిగా ఉంటే వెంటనే యథాస్థానంలో నొక్కి మెత్తని గుడ్డతో కట్టి, ఆరకుండా కప్పితే కొన్నిసార్లు అతుక్కుంటుంది. తొర్రలను సిమెంటుతో పూడ్చడం పాత అలవాటు. దానివల్ల లోపల తడి నిలిచి కుళ్లు పెరుగుతుంది, చెట్టు గాలికి ఊగినప్పుడు ఆ గట్టి ముద్ద చుట్టూ ఉన్న చెక్కను నలుపుతుంది. పూడ్చకండి.

ఇప్పుడు తొలుచు పురుగులు. వీటిని దగ్గరగా చూడడం నేర్చుకుంటే ఎన్నో చెట్లను కాపాడవచ్చు. మాను మొదట్లో, కొమ్మ పంగల్లో రంపపు పొట్టులాంటి పొడి రాలి ఉంటే తల ఎత్తి దానికి సూటిగా పైన వెతకండి. పెన్సిలు పట్టేంత రంధ్రం, దాని అంచున తడిగా అతుక్కున్న పొట్టు, కొన్నిసార్లు గోధుమరంగు జిగురు కనిపిస్తాయి. పొట్టు లేతరంగులో తడిగా ఉంటే పురుగు లోపల ఇప్పుడు తింటోంది. నల్లబడి ఎండి ఉంటే అది పాత రంధ్రం కావచ్చు. తేల్చుకోవాలంటే పొట్టును తుడిచేసి మూడు రోజుల తర్వాత మళ్లీ చూడండి. కొత్త పొడి రాలితే లోపల పురుగు ఉన్నట్టే. మామిడి లాంటి చెట్లలో ఇది పొడవాటి మీసాల పెంకుపురుగు పిల్ల. లావుగా, తెల్లగా, కాళ్లు లేకుండా ఉంటుంది.

ఇంకో రకం బెరడు తినే గొంగళి పురుగు. దీని గుర్తు వేరు: పంగ దగ్గర చిన్న రంధ్రం, అక్కడి నుంచి బెరడు మీద గోధుమరంగు పట్టీలా పాకిన గూడు. ఆ పట్టీని వేలితో లేపితే పట్టుదారాలతో అల్లిన పొట్టు, విసర్జన చేతికి వస్తాయి. కింద బెరడు గీకేసినట్టు ఎర్రగా కనిపిస్తుంది. పురుగు పగలు రంధ్రంలో దాక్కుని రాత్రి ఆ పట్టీ చాటున బెరడు తింటుంది.

రెంటికీ చికిత్స దాదాపు ఒకటే. పట్టీని, పొట్టును గట్టి బ్రష్షుతో శుభ్రం చేయండి. వంగే సన్నని ఇనుప తీగను రంధ్రంలోకి పంపి, ఆగిన చోట గుచ్చి తిప్పండి. తీగ కొనకు తడి అంటుకుని వస్తే పురుగు చచ్చినట్టే. అందలేదనిపిస్తే చిన్న దూది ఉండను కిరోసిన్‌లో ముంచి, పిండి, రంధ్రంలోకి తోసి పైన తడి బంకమట్టితో మూసేయండి. మందును మాను అంతటా చల్లడం వల్ల ప్రయోజనం లేదు, పురుగు లోపల ఉంది. ఆ తర్వాత అసలు పని చేయండి: చెట్టుకు నీరు, నేల సరిచేయండి, ఎండు కొమ్మలు తీయండి. బలహీనమైన చెట్టు మీదికి ఈ పురుగులు మళ్లీ మళ్లీ వస్తాయి.

చెదలు చూసి మరీ కంగారు పడనవసరం లేదు. మాను మీద మట్టిపొర కట్టినప్పుడు అవి ఎక్కువగా తినేది పైనున్న చచ్చిన బెరడునే. మట్టిని తుడిచి కింద చూడండి. బెరడు గట్టిగా ఉంటే బ్రష్షుతో దులిపేసి, మొదట్లో ఉన్న ఎండు కట్టెలు, చెత్త తీసేస్తే చాలు. బెరడు మెత్తగా, బోలుగా ఉంటే లోపల ఎండు చెక్క ఉంది; చెదలు ఆ సంగతి చెప్పడానికి వచ్చాయి.

జిగురు కారడం ఒక లక్షణం, దానంతట అది జబ్బు కాదు. కారే చోట బెరడు మెత్తబడి, గీకితే లోపల గోధుమరంగుకు తిరిగి ఉంటే కుళ్లు సోకింది. ఆ భాగాన్ని ఆరోగ్యమైన అంచు దాకా చెక్కి తీసి బోర్డో పేస్టు పూయండి. చిన్న మోతాదుకు 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరు నీటిలో విడివిడిగా ప్లాస్టిక్ పాత్రల్లో కలిపి, మైలుతుత్తం నీటిని సున్నం నీటిలో పోస్తూ కలియబెట్టాలి. శుభ్రమైన ఇనుప కత్తిని అందులో ముంచి తీస్తే ఎర్రటి రాగి పొర అంటుకోకూడదు. అంటితే ఇంకొంచెం సున్నం వేయాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. రాగి, సున్నం కలిపిన ఈ బోర్డో మందును ఫ్రెంచి శాస్త్రవేత్త మియార్డే ద్రాక్ష తోటల తెగులు కోసం 1885లో వెలుగులోకి తెచ్చారు. అతి మామూలు నరుకుడు గాయాలన్నిటికీ దీన్ని పూయనవసరం లేదు. శిలీంధ్రం కుళ్లబెడుతున్న బెరడుకే దీని అవసరం.

మాను మొదట్లో, వేళ్ల మీద చెక్కంత గట్టిగా, అర్ధచంద్రాకారంలో పుట్టగొడుగులు కనిపిస్తే మాత్రం తేలికగా తీసుకోకండి. గానోడెర్మా లాంటి శిలీంధ్రాలు లోపలి చెక్కను ఏళ్ల తరబడి తిన్న తర్వాతే అలా బయటికి వస్తాయి. పుట్టగొడుగును పీకేస్తే జబ్బు పోదు, దీనికి నమ్మదగిన మందూ లేదు. చెట్టు పడిపోయే ప్రమాదం ఎంతో నిపుణుల చేత చూపించాలి.

మూడవ దశ: కొమ్మలు

కొనల నుంచి ఎండుతూ వస్తున్న చెట్టుకు మొదటి రెండు దశల్లో కారణం దొరక్కపోతేనే తెగులును అనుమానించాలి. వేపలో లేత కొమ్మలు మాడినట్టు గోధుమరంగుకు తిరిగి చెట్టంతా కాలినట్టు కనిపించడానికి ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం ఒక కారణం. చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే నల్లి మరొకటి. చూడడానికి భయంకరంగా ఉన్నా, ఇలాంటి వేపల్లో చాలావరకు మళ్లీ చిగురిస్తాయి. గీరి చూడండి, అందే ఎండు రెమ్మలను పచ్చి భాగం దాకా కత్తిరించి తగలబెట్టండి, చెట్టుకు నీరు పెట్టండి. గొడ్డలి తీయకండి.

పచ్చని చెట్టులో ఒక కొమ్మ మీద మాత్రం వేరే రకం మందపాటి ఆకులు గుబురుగా కనిపిస్తే అది బదనిక. పక్షులు దాని జిగురు పండ్లను తిని గింజలను కొమ్మలకు అంటిస్తాయి. అది మొలిచి కొమ్మలోకి దిగి నీరు, లవణాలు లాగేస్తుంది. బదనికను పైపైన విరిస్తే మళ్లీ మొలుస్తుంది. అది అతుక్కున్న చోటికి కనీసం ఒక అడుగు కిందికి కొమ్మనే కోయాలి. పూత, కాయ రాకముందే కోస్తే పక్క చెట్లకు పాకదు. పసుపు దారాల్లా అల్లుకునే బంగారు తీగను కూడా ఒక్క ముక్క మిగలకుండా, అది పట్టిన రెమ్మలతో సహా తీసేయాలి.

ఇక కొమ్మ కోసే తీరు. వీధి చెట్లకు జరిగే నష్టంలో పెద్ద భాగం తప్పుడు కోతల వల్లే, అందుకే దీన్ని వివరంగా చెబుతున్నాను. కొమ్మ మానును కలిసే చోట కొద్దిగా ఉబ్బిన ఉంగరం ఉంటుంది, దాన్ని కొమ్మ మెడ అనుకోండి. గాయాన్ని మూసే కణజాలం అక్కడే ఉంది. మెడను చెక్కేస్తూ మానుకు సమంగా కోసినా తప్పే, జానెడు మోడు వదిలినా తప్పే. మెడ అంచుకు సరిగ్గా బయట కోయాలి. కొమ్మ బరువైనదైతే మూడు కోతలు:

1. మెడకు అడుగు దూరంలో, కొమ్మ కింది వైపు నుంచి పైకి మూడోవంతు లోతు కోయండి.
2. దానికి ఇంకొంచెం అవతల, పై నుంచి కిందికి పూర్తిగా కోయండి. కొమ్మ పడిపోతుంది, మొదటి కోత ఉండడం వల్ల మాను బెరడు చీలిపోదు.
3. మిగిలిన మోడును మెడ అంచుకు బయట నున్నగా కోసేయండి.

ఒక ఏడాదిలో పచ్చి కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయకండి. ముసలి చెట్టుకైతే ఇంకా తక్కువ. ఎండు కొమ్మలకు ఈ లెక్క లేదు, ఎప్పుడైనా తీయవచ్చు. జబ్బు కొమ్మ కోసిన ప్రతిసారీ రంపాన్ని స్పిరిట్‌తో తుడవండి. కోసే ముందు గూళ్లలో పిల్లలున్నాయేమో చూడండి, ఉంటే కొన్ని వారాలు ఆగండి.

చెట్టు తల నరకడం గురించి ఖండితంగా చెప్పాలి: అది కత్తిరింపు కాదు, హింస. ఆకులన్నీ పోవడంతో చెట్టు ఆకలికి గురవుతుంది, లావు మోడులు కుళ్లుతాయి, ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు ఎండకు పగులుతుంది. ఆ మోడుల చివర గుంపుగా వచ్చే కొత్త కొమ్మలు లోపలి చెక్కతో బలంగా కలవవు, నాలుగైదేళ్లలో అవే గాలికి విరిగి పడతాయి. ప్రమాదం తగ్గించాలని చేసిన పని ప్రమాదాన్ని పెంచుతుంది. ఎత్తు తగ్గించడం తప్పనిసరైతే ఒక్కో కొమ్మను, దాని లావులో కనీసం మూడోవంతు ఉన్న పక్కకొమ్మ దగ్గరికి కోయించండి. కరెంటు తీగల దగ్గర ఉన్న కొమ్మలను మాత్రం మీరు ముట్టుకోవద్దు. విద్యుత్ సిబ్బంది వచ్చి సరఫరా ఆపాకే ఆ పని జరగాలి.

నాలుగవ దశ: ఆకులు

పెద్ద చెట్టుకు ఆకుల మీది జబ్బులు ఎక్కువగా అందాన్ని చెడగొడతాయే తప్ప ప్రాణం తీయవు. కానుగ ఆకుల మీద చేతివేళ్లలా లేచిన బుడిపెలు కంటికి కనిపించని నల్లి చేసినవి. ఏడాకుల పొన్న ఆకుల మీది గుండ్రని బుడిపెలు మరో చిన్న పురుగు చేసినవి. ఏళ్ల తరబడి వాటితోనే ఆ చెట్లు నిక్షేపంగా బతుకుతాయి. ఆకుమచ్చలు, తుప్పు తెగులు వానలకు వచ్చి ఎండలకు పోతాయి. రాలిన ఆకులు ఊడ్చి తీసేస్తే మరుసటి ఏడు తగ్గుతాయి. తెల్లని పొడి చల్లినట్టుండే బూడిద తెగులు చిన్న చెట్టుకు సోకితే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, ఎండ తీవ్రంగా లేని వేళ పిచికారీ చేయవచ్చు.

ఆకుల మీద మసి పూసినట్టు నల్లగా ఉంటే అక్కడ ఒక గొలుసు నడుస్తోంది. తడి గుడ్డతో తుడవండి: మసి చేతికి వస్తుంది, కింద ఆకు పచ్చగా ఉంటుంది. మసి ఆకును తినడం లేదు, ఆకు మీద పడిన తీపి జిగురును తింటోంది. ఆ జిగురు పై కొమ్మల్లోని పేనుబంక, పొలుసు పురుగులు లేదా పిండినల్లి విసర్జించినది. చెట్టు కింద నిలిపిన బండి అద్దాలు జిగటగా అవడానికి కారణం కూడా అదే. ఆ తీపి కోసం చీమలు వరుసకట్టి, ఆ పురుగులను తినడానికి వచ్చే అక్షింతల పురుగులను తరిమేస్తాయి. కాబట్టి చికిత్సను చీమలతో మొదలుపెట్టండి. మాను చుట్టూ జానెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ బిగించి, పట్టీ మీద మాత్రమే గ్రీజు పూయండి. బెరడుకు నేరుగా పూయకూడదు. పక్క గోడకు, తీగలకు ఆనే రెమ్మలు కత్తిరించండి, లేకపోతే చీమలు ఆ దారిన ఎక్కుతాయి. అందేంత ఎత్తు వరకు ఆకుల అడుగున గట్టి నీటిధారతో కడగండి. ఇంకా మిగిలితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లండి. ముందు రెండు రెమ్మల మీద చల్లి రెండు రోజులు ఆగి చూస్తే ఆకు మాడుతుందో లేదో తెలుస్తుంది. కొద్ది నెలలకు పట్టీ విప్పేయడం మరవకండి.

పురుగును తినే పురుగుకు ఎంత బలముందో బొప్పాయి పిండినల్లి కథ చెబుతుంది. అది 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడి, బొప్పాయితో పాటు మల్బరీ, మందార లాంటి ఎన్నో మొక్కలను పట్టింది. రసాయనాలకు లొంగలేదు. 2010లో విదేశం నుంచి తెప్పించి వదిలిన అతిచిన్న పరాన్నజీవి కందిరీగలు దాన్ని అదుపులోకి తెచ్చాయి. వీధి చెట్టు మీద ఘాటైన మందు కొడితే ముందు చచ్చేది ఇలాంటి మిత్రపురుగులే.

పసుపుబారిన ఆకులను విడిగా చూడాలి. లేతాకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు, తెలుపుగా మారితే అది ఇనుము అందని లక్షణం. నేలలో ఇనుము లేకపోవడం అరుదు. కట్టడాల వ్యర్థం, సున్నం కలిసి మట్టి క్షారగుణం పెరగడంతో వేళ్లు దాన్ని తీసుకోలేవు. చిన్న చెట్టుకైతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చల్లండి. పెద్ద చెట్టుకు నేలను శుభ్రం చేసి కంపోస్టు వేయడమే దారి. ముదురాకులు సమంగా పసుపుబారి రాలుతుంటే నత్రజని లోటు. ఈ రెంటికీ యూరియా గుప్పించడం సరికాదు. వేళ్లు దెబ్బతిన్న చెట్టుకు అది మరింత భారం. మెత్తని చిగుళ్లు తోసుకొచ్చి రసం పీల్చే పురుగులను పిలుస్తుంది.

మందు కొట్టక తప్పనప్పుడు

ఏ పురుగో, ఏ తెగులో తేలాకే, ఆ పేరు సీసా మీద ఉన్న మందునే, రాసిన మోతాదులోనే వాడండి. గాలి లేని ఉదయం లేదా సాయంత్రం, చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పిల్లలను, పెంపుడు జంతువులను దూరంగా ఉంచండి, బావులు, నీటి తొట్లు మూయండి. పూత మీదున్న చెట్టుకు కొట్టకండి, తేనెటీగలు చస్తాయి. తలకు మించిన ఎత్తుకు చేతిపంపుతో కొట్టిన మందులో ఎక్కువ భాగం మీ మీద, పక్కింటి మీద పడుతుంది. అంత ఎత్తు చెట్లకు తగిన యంత్రం, అనుభవం ఉన్నవారిని పిలవాలి.

ఎప్పుడు నిపుణులను పిలవాలి?

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా చెట్టు కింద బండ్లు, బల్లలు తీయించి, సంబంధిత అధికారులకు, చెట్ల నిపుణులకు వెంటనే తెలపండి: కొత్తగా ఒరిగిన మాను, ఒరిగిన వైపుకు అవతలి పక్క పగిలి లేచిన నేల, రెండు మానులు కలిసే పంగలో నిలువు చీలిక, మొదట్లో గట్టి పుట్టగొడుగులు, పెద్ద కొమ్మకు ఉన్నట్టుండి వచ్చిన పగులు.

తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు ప్రమాదకరం కాదు. మానుకు బలం ఇచ్చేది బయటి చెక్క. చెట్ల నిలకడను పరిశోధించిన జర్మన్ శాస్త్రవేత్త క్లౌస్ మాథెక్ సూచించిన కొలత ప్రకారం, బోలు చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం మాను వ్యాసార్ధంలో సుమారు మూడోవంతు ఉంటే మాను సాధారణంగా నిలబడుతుంది. తొర్ర నోరు వెడల్పుగా ఉన్నా, వేళ్లు కుళ్లినా ఈ లెక్క చెల్లదు. చెక్క సుత్తితో మాను చుట్టూ తట్టి బోలు శబ్దం వచ్చే చోట్లు గుర్తుపెట్టుకుంటే నిపుణులకు చూపించడానికి పనికొస్తుంది. చెట్టు తీసేయాలని వారు తేల్చినా, కోతకు ముందు అక్కడి నియమాల ప్రకారం అనుమతి తీసుకోవాలి.

చికిత్స చేసిన చెట్టుకు సమయం ఇవ్వండి. చీమల పట్టీ ఫలితం మూడు నాలుగు వారాల్లో తెలుస్తుంది, అన్నభేది పిచికారీ ఫలితం కొత్త చిగురులో కనిపిస్తుంది, కాంక్రీటు తీసి నేల బాగుచేసిన ఫలితానికి రెండు మూడేళ్లు పట్టవచ్చు. మూడు నెలలకొకసారి ఒకే చోట నిలబడి చెట్టును ఫోటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి. ఈ ఏడు వచ్చిన రెమ్మ పొడవును పోయిన ఏటి రెమ్మతో కొలిచి చూడండి. రెమ్మ పొడవు పెరుగుతుంటే చెట్టు కోలుకుంటోంది, తగ్గుతుంటే మళ్లీ మొదటి దశ నుంచి, అంటే మొదట్లో మట్టి తీసి చూడడం నుంచి మొదలుపెట్టాలి.